నాచారం గేటు కాడ నేర్చుకున్న లెక్క

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, ఇయ్యాల చలి గట్టిగనే ఉన్నది. ఆ కట్టెను జర లోపలికి నూకు. షేర్లు కొనాలంటె ముందుగాల ఏం చూడాలె తాతా అని అడిగినవు గద, చెప్తా. కని కొంచెం పొడుగుంటది. నాచారం సంగతి చెప్పకుంట షేర్ల సంగతి నాకు చెప్పరాదు. నేను నేర్చుకున్నదే ఆడ, ఒక ఫ్యాక్టరీ స్టోర్సుల, మా అకౌంటెంట్ సారు టేబుల్ పక్కన నిలబడి.

అప్పట్ల తార్నాక దాటినంక పట్నం పల్చబడేది. హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ గోడ, సర్వే ఆఫ్ ఇండియా, ఆ తర్వాత ఉప్పల్ చౌరస్తా. ఆడికెల్లి వరంగల్ తొవ్వ. హబ్సిగూడ కాడ ఎడమకు మళ్లితె నాచారం. మందులు, రసాయనాలు, రాగి తీగెలు, ఇనుప సామాన్లు, ప్లాస్టిక్కు, ఏది గావాలంటె అది ఆ ఇండస్ట్రియల్ ఏరియా సందులల్ల తయారయ్యేది. మల్లాపూర్ దాటి పోతె ఎన్‌ఎఫ్‌సీ, ఈసీఐఎల్. ఇటు మౌలాలి, చర్లపల్లి. పొద్దుగాల షిఫ్టు సైరన్లు ఒకదానెనక ఒకటి మోగేవి. ఏ సైరన్ ఏ కంపెనీదో పక్కల పండుకోనే చెప్పేటోళ్లం.

1980ల నడుమ మా కంపెనీ పబ్లిక్ ఇష్యూకు పోయింది. పనోళ్లకని కొన్ని షేర్లు పక్కన పెట్టిండ్రు. పది రూపాయల షేరు, పది రూపాయలకే. గట్టి కాగితం, చుట్టూ రంగు అంచు, నంబరు, నా పేరు, కింద డైరెక్టర్ల సంతకాలు. మా అమ్మ దాన్ని పట్టా కాగితాలుండే ట్రంకుపెట్టెల భద్రంగ పెట్టింది. దానితోని ఏం జెయ్యాల్నో మా ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. ఏడాదికోసారి పోస్టుల డివిడెండు వారెంటు వచ్చేది, దాంతోపాటు యాన్యువల్ రిపోర్టు. శానా మంది వారెంటు బ్యాంకుల వేసి, రిపోర్టును కిరాణం కొట్టుకు పొట్లాలకు ఇచ్చేటోళ్లు. మా అకౌంటెంట్ సారు ఒక్కడే ఆ పుస్తకాలు అడిగి తీసుకునేటోడు. ఒక్కో కంపెనీవి ఏండ్ల వారీగ దారంతోని కుట్టి బీరువాల పెట్టేటోడు. ఒక్క ఏడాది లెక్క ఎవడన్న మంచిగ చూపెట్టగలడు, ఐదేండ్లు వరుసగ చూపెట్టుడు కష్టం అనేటోడు.

ఆ రోజుల్ల కొత్త ఇష్యూ వచ్చిందంటె జనం బ్యాంకుల ముందట వరుస కట్టేది. ఎందుకో తెలుసా? షేరును ఎంతకు అమ్మాల్నో తేల్చుడు కంపెనీ చేతుల లేకుండె. ఢిల్లీల కంట్రోలర్ ఆఫ్ క్యాపిటల్ ఇష్యూస్ అని ఒక ఆఫీసు. 1947 చట్టం కింద ధర అక్కడనే ఖాయమయ్యేది, మస్తు తక్కువకు ఖాయమయ్యేది. 1973ల ఫెరా చట్టం వచ్చినంక విదేశీ కంపెనీలు శానా మటుకు తమ వాటా 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. కోల్గేట్ అసొంటి కంపెనీల షేర్లు అట్లనే అగ్గువకు జనం చేతికొచ్చినయి. 1977ల రిలయన్సు గూడ పది రూపాయలకే వచ్చింది. ఇగ అప్లికేషను పెట్టినోనికి అలాట్‌మెంట్ అయ్యిందంటె లాభం దాదాపు ఖాయం. ఆ కంపెనీ ఏం జేస్తది, ఎవ్వరు నడుపుతరు అని చూసే పనే లేకపోయె. ఆ అలవాటు మనోళ్లకు గట్టిగ పట్టుకున్నది. ఆ రోజులకు అది తెలివైన అలవాటే. రోజులు మారినంక అదే కొంపలు ముంచింది. అది ఎట్లనో ముందట చెప్తా.

ఉన్న షేర్లు అమ్మాలన్నా, కొత్తయి కొనాలన్నా హైదరాబాద్ స్టాక్ ఎక్స్చేంజి మెంబర్ల కాడికే పోవాలె. ఆ ఎక్స్చేంజి 1943ల, నిజాం కాలంలనే మొదలైంది. 1958ల కేంద్ర సర్కారు గుర్తింపు దొరికింది. ఇంతకన్న పాత ముచ్చట సింగరేణిది. మన బొగ్గు కంపెనీ షేర్లు ఒకప్పుడు లండన్ల చేతులు మారేవి. 1945ల నిజాం సర్కారు వాటిని కొని తన కిందికి తెచ్చుకున్నది. ఇల్లెందు దిక్కు బొగ్గు తవ్వేటోనికి తన కంపెనీ యజమాని ఏ దేశంల కూసున్నడో తెల్వకపోయె గావచ్చు. నేను ఎక్స్చేంజికి బస్సుల పోయేది. సికింద్రాబాద్‌ల బస్సు మారి పోవాలె. ట్రాన్స్‌ఫర్ ఫారం నింపాలె, స్టాంపులు అతికియ్యాలె, సంతకం కంపెనీ కాడున్న సంతకంతోని కలవాలె. జర తేడా వచ్చిందా, బ్యాడ్ డెలివరీ అని కాగితాలు వాపసు. పూర లాటు లేకుంట చిల్లర షేర్లు ఉంటె ధర తగ్గించి తీసుకునేటోళ్లు. యాష్టకొచ్చే పని. అందుకే కొనేటోడు నాలుగు దినాలు ఆలోచించి కొనేది, ఆ నాలుగు దినాలల్ల రిపోర్టు చదివే తీరిక దొరికేది.

సారు నాకు చెప్పిన మొదటి సంగతి, రిపోర్టును ఎనక నుంచి చదవమని. ముందట చైర్మన్ మాట ఉంటది, రంగు ఫొటోలు ఉంటయి. ఎనకకు పోతె ఆడిటరు రిపోర్టు, దాని అనుబంధం, లెక్కలు, లెక్కల కింద నోట్సు. "ముందటి పేజీలు కంపెనీ చెప్పాలనుకున్నది, ఎనక పేజీలు చట్టం చెప్పించింది" అనేటోడు. చెప్పి ఊకోలే, వేలు పెట్టి చూపెట్టిండు. ఆ అనుబంధంల ఒక లైను ఉంటది: పీఎఫ్, ఈఎస్‌ఐ పైసలు కంపెనీ ఎప్పటికప్పుడు కడుతున్నదా, బాకీ ఉంటె ఎంత. 1988ల వచ్చిన ఆర్డరు ప్రకారం ఆడిటరు ఈ మాట రాయాల్సిందే. ఇప్పుడున్న 2020 ఆర్డరుల గూడ ఆ లైను ఉన్నది, చూసుకో.

ఆ లైను ఎందుకంత ముఖ్యమో నాచారంల పనిచేసినోనికి చెప్పాల్సిన పని లేదు. ఈఎస్‌ఐ అంటె మాకు నాచారం దవాఖాన, మా పిల్లల జ్వరాలు, మా అమ్మ మోకాళ్లు. కంపెనీకి చేతుల పైసలు ఆడనప్పుడు మొదలు ఎవ్వరి పైసలు ఆపుతది? బ్యాంకువి ఆపితె బ్యాంకు ఊకోదు. సరుకిచ్చినోనివి ఆపితె రేపు సరుకు రాదు. కార్మికుని జీతంల కోసిన పీఎఫ్ ఆపితె అడిగేటోడు ఎవ్వడు? అందుకే కష్టం మొదలు అక్కడనే బయటపడుతది. మా పక్క సందుల ఒక ఫ్యాక్టరీ ఉండె. ఆ ఏడు పేపర్ల లాభం చూపెట్టింది, షేరు పెరిగింది. అనుబంధంల మాత్రం చిన్న అక్షరాలల్ల పీఎఫ్ బాకీ అని ఉండె. సారు ఆ పేజీ నా ముందట పెట్టి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, అంతే. కొంత కాలానికి ఆ గేటు మీద బ్యాంకోళ్ల నోటీసు అతికిచ్చిండ్రు.

రెండోది వసూలు కావాల్సిన బాకీలు. కంపెనీ ఏడాదికి 20 కోట్ల సరుకు అమ్మింది అనుకో. ఏడాది ఆఖరుల ఇంక రావాల్సినయి 10 కోట్లు అనుకో. అంటె ఆర్నెల్ల అమ్మకం ఉద్దెర మీదనే ఉన్నదన్నట్టు. లాభం లెక్కల ఆ అమ్మకం అంతా వచ్చినట్టే రాస్తరు, పైసలు మాత్రం రాలే. పోయిన ఏడు అదే లెక్క మూడు నెలలుండి, ఈ ఏడు ఆరు నెలలైతె, సరుకు బలవంతంగ అంటగట్టిండ్రా, కొన్నోడు కట్టలేకపోతుండా అని అడగాలె.

ఇగ మూడోది నా ఇలాఖా, స్టోర్సు. బ్యాలెన్స్ షీటుల సరుకు నిల్వ అని ఒక అంకె ఉంటది, ఆస్తుల దిక్కు. అంకె పెద్దగ ఉంటె కంపెనీ సంపన్నంగ ఉన్నట్టే కనపడుతది. కని నేను రోజూ షెడ్డుల తిరిగేటోన్ని గద. తుప్పు పట్టిన విడి భాగాలు, మోడలు మారినంక ఎవ్వడూ అడగని సామాను, తేదీ దాటిన డబ్బాలు, అన్ని ఆ అంకెల ఉంటయి. అమ్మకం పెరగకుంట నిల్వ ఒక్కటే పెరుగుతున్నదంటె లోపల ఏమున్నదో అడగాలె. నేను స్టోర్సుల ఉండి చూసిన సంగతిని సారు కాగితం మీద చూసి చెప్పేటోడు. ఆ దినం నాకు లెక్కల పుస్తకం మీద భయం పోయింది బిడ్డా. అంకెల ఎనక సామాను కనపడ్డది.

షేరుకు లాభం ఎంత, దానికి ధర ఎన్ని రెట్లు అని మీ ఫోన్ల ముందుగాలనే వస్తది గద, ఆ లెక్క సులువు. మూలధనం 5 కోట్లు, షేరు పది రూపాయలది అంటె 50 లక్షల షేర్లు. నికర లాభం కోటి అయితె షేరుకు రెండు రూపాయలు. బజార్ల ధర 40 ఉంటె 20 రెట్లు. ఇంతే. 20 రెట్లు ఎక్కువనా తక్కువనా అంటె, ఆ రెండు రూపాయలు నిజంగ చేతికొచ్చినయా, వచ్చే ఏడు మూడు అయితయా, అప్పు మీద వడ్డీ ఎంత మింగుతున్నది, అవి తెలిసినంకనే చెప్పగలం. సారు ఈ లెక్కను ఆఖరున చేసేటోడు. ఇప్పటోళ్లు దీనితోనే మొదలుపెట్టి దీనితోనే ఆపేస్తుండ్రు, నాకు నచ్చనిది అదే.

కాగితాలు చూసినంక సారు గేటు గూడ చూసేటోడు. సాయంత్రం ఉప్పల్ దిక్కు నడుచుకుంట పోయేటప్పుడు, ఏ గేటు కాడ లారీలు నిండుగ పోతున్నయి, రెండో షిఫ్టు నడుస్తున్నదా, బాయిలర్ పొగ లేస్తున్నదా, చాయ హోటల్ కాడ పనోళ్లు జీతం పడ్డదంటుండ్రా లేదంటుండ్రా, చెవి పెట్టి వినేటోడు. లోపలి గుట్టు అడిగేటోడు కాదు, తొవ్వల పోయే మనిషికి కండ్ల పడేదే చూసేటోడు. రిపోర్టుల విస్తరణ అని రాసి, గేటు కాడ ఒక్క షిఫ్టు నడుస్తుంటె, రెండిట్ల ఏదో ఒకటి సరిగ లేదు.

ఇగ ఇందాక ఆపిన సంగతి. 1992ల ఆ కంట్రోలర్ ఆఫీసు ఎత్తేసిండ్రు. షేర్ల బజారును చూసుకునే సెబీకి చట్టం చేసిండ్రు. ఇగ నుంచి కంపెనీ తన షేరు ధర తనే పెట్టుకోవచ్చు. అదే ఏడు బొంబాయి బ్రోకరు హర్షద్ మెహతా గాలి. 1991 మొదట్ల వెయ్యి దగ్గరున్న సెన్సెక్సు 1992 ఏప్రిల్‌ల 4,467 దాంక పోయింది. బ్యాంకుల పైసలు తిప్పి షేర్లు లేపిండని పేపర్ల పడ్డది, అంతా కూలింది. ఆ దెబ్బ బొంబాయిది అనుకున్నరు మనోళ్లు. మన దెబ్బ అటెనక వచ్చింది. 1993 నుంచి 96 దాంక కొత్త ఇష్యూల జాతర. రొయ్యల కంపెనీలు, గ్రానైటు కంపెనీలు, టేకు చెట్ల కంపెనీలు. ఉప్పల్‌ల, నాచారంల చిట్టీ ఎత్తుకున్న పైసలు తెచ్చి ఫారాలు నింపిండ్రు. వాళ్ల మనసుల ఇంక పాత లెక్కనే: ఇష్యూ అంటె అగ్గువ, అలాట్ అయితె లాభం. ధర పెట్టేటోడు మారిండని, ఇప్పుడు అమ్మేటోడే ధర పెడుతుండని ఎవ్వరు చెప్పలే.

సారు ఒక రొయ్యల కంపెనీ ప్రాస్పెక్టస్ తెచ్చి స్టోర్సు టేబుల్ మీద పరిచిండు. పైసలు దేనికి వాడుతరు, ప్రమోటరు ఇంతకుముందు ఏం పనిచేసిండు, రిస్కులు అని రాసిన పేజీల ఏమున్నది, ఈ మూడే చదివిపిచ్చిండు. ప్రమోటరు అంతకుముందు చేసిన పనికి, రొయ్యలకు ఏ సంబంధం లేదు. "ఈయన ఎన్నడన్న చెరువుల దిగిండా?" అని అడిగిండు. 1994, 95ల మన తీరం పొంట రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలి చెరువులకు చెరువులు పోయినయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ హద్దుల లోపలి రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. ఆ షేర్ల కాగితాలు శానా ఇండ్లల్ల అట్లనే మిగిలినయి. కొన్ని కంపెనీల అడ్రసుకు ఉత్తరం రాస్తె వాపసు వచ్చేది.

నాకు బాధయ్యేది ఏందంటె, ఆ పైసలు పెట్టినోళ్లు అమాయకులు కాదు. ఉప్పల్‌ల ప్లాటు కొనేటప్పుడు వాళ్లనే చూడు. ఆస్తి మీద బాకీలు చూపెట్టే ఈసీ తీపిస్తరు, లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏండ్ల ఎనకకు చూస్తరు, చెరువు శిఖమా, సీలింగు భూమా అని రెవెన్యూ ఆఫీసుల అడుగుతరు, పక్క ప్లాటోన్ని అడుగుతరు, పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి పోయి హద్దు రాళ్లు చూసొస్తరు. అదే చేతులతోని షేరు ఎవడో చెప్పిండని కొంటరు. కంపెనీకి గూడ ఈసీ ఉన్నది బిడ్డా. అప్పు ఎంత, ఏ ఆస్తి ఏ బ్యాంకుల కుదువ ఉన్నది, ప్రమోటరు తన షేర్లు కుదువ పెట్టిండా, అన్ని రాసి ఉంటయి. ప్లాటు కాడ చూపెట్టిన ఓపిక కాగితం కాడ చూపెట్టాలె.

1996ల డిపాజిటరీ చట్టం వచ్చింది, నవంబరుల ఎన్‌ఎస్‌డీఎల్ మొదలైంది. మెల్లగ కాగితాలు పోయి డీమ్యాట్ వచ్చింది. సంతకాల గోస పోయింది. బొంబాయి ఎన్‌ఎస్‌ఈ స్క్రీన్లు ఇక్కడి బ్రోకర్ల టేబుళ్ల మీదికే వచ్చినయి, మన ఎక్స్చేంజిల బేరం సన్నగిల్లింది. 2007ల సెబీ హైదరాబాద్ ఎక్స్చేంజి గుర్తింపు తీసేసింది. ఆ నడుమనే గ్లోబల్ ట్రస్టు బ్యాంకు. 1994ల సికింద్రాబాద్‌ల పుట్టింది, ఇష్యూకు జనం ఎగబడ్డరు. 2004ల రానిబాకీల కింద కూలి ఓరియంటల్ బ్యాంకుల కలిసింది. డిపాజిటు పెట్టినోళ్ల పైసలు నిలిచినయి, షేర్లు కొన్నోళ్లకు ఏం రాలే. డిపాజిటరుకు, షేర్‌హోల్డరుకు తేడా ఏందో అప్పుడు మన దిక్కు ఇంటింటికి తెలిసింది.

ఇగ సత్యం కంప్యూటర్స్ సంగతి. ఇది జర నిమ్మళంగ విను. 2009 జనవరి 7. ముందు దినం 180 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 లోపలికి పడ్డది. కంపెనీ చైర్మన్ రామలింగరాజు తప్పొప్పుకుంట ఉత్తరంల రాసిన అంకెలు నేను పేపర్ల నుంచి కోసి పెట్టుకున్న. 2008 సెప్టెంబరు లెక్కల చూపెట్టిన నగదు 5,361 కోట్లు. అండ్ల 5,040 కోట్లు లేనే లేవు. ఆ మూడు నెలల ఆదాయం 2,700 కోట్లని చూపెట్టిండ్రు, నిజం 2,112 కోట్లు. నూటికి 24 చొప్పున లాభమని రాసిండ్రు, నిజంగ నూటికి 3. ఆడిటర్లు పెద్ద పేరున్నోళ్లు. మంచి పాలనకు 2008ల అవార్డు గూడ వచ్చింది.

మరి సారు నేర్పిన లెక్క పనిచేసేదా అని అడుగుతవు. సక్కగ చెప్తా: బ్యాంకు నిల్వనే అబద్ధమైతె, దాని మీద ఆడిటరు సంతకం ఉంటె, ఇంట్ల కూసోని చదివేటోడు పట్టుకోలేడు. కని రెండు సంగతులు బయటనే ఉండె. 2001ల 25 శాతం దాటి ఉన్న ప్రమోటర్ల వాటా 2008 నాటికి 10 శాతం లోపలికి దిగింది. 2008 డిసెంబరు 16న కంపెనీ పైసలతోని రాజు కుటుంబానివే అయిన రెండు మేటాస్ కంపెనీలను కొంటమన్నరు. షేర్‌హోల్డర్లు తిరగబడితె రాత్రికి రాత్రే ఎనకకు పోయిండ్రు. ఇంత నగదు ఉన్నోడు తన వాటా ఎందుకు ఒదులుకుంటుండు? ఆ ప్రశ్న అడిగినోడు నష్టం తగ్గించుకునేటోడు. ప్రమోటర్లు కుదువ పెట్టిన షేర్లు బయటపెట్టాలన్న రూలు సెబీ ఆ జనవరిలనే తెచ్చింది. అందుకే ఇప్పుడు నీకు ఫోన్ల మూడు నెలలకోసారి ఆ అంకె కనపడుతున్నది. దాని ఎనక ఎంత మంది పైసలు పోయినయో తెలుసుకోని చూడు. ఎంత మంచిగ చదివినా ఒక్క కంపెనీల అంతా పెట్టొద్దని సారు చెప్పింది గూడ ఇందుకే.

ఇప్పుడు నాగోల్ నుంచి మెట్రో పోతున్నది, నేను చెప్పిన స్టోర్సు షెడ్ల జాగల అద్దాల ఆఫీసులు లేచినయి. గేటు కాడ లారీలు లెక్కపెట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీని చూడలేం, నిజమే. కని వసూలు కావాల్సిన బాకీలు దానికీ ఉంటయి, పెద్ద గిరాకీలు ఎందరు, ఒక్కడు పోతె ఎంత పోతదన్న లెక్క దానికీ ఉంటది. పైసలు చేతికొచ్చినయా లేదా అన్నది ఇప్పుడు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటుల తెలుస్తది. సారు కాలంల అది లేకుండె, ఆయన రెండేండ్ల బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి పెన్సిలుతోని తీసేటోడు. ఇంకొకటి. ఆప్షన్లు, ఫ్యూచర్లు ఆడుదమని మీ దోస్తులు పిలుస్తరు. 2024 సెప్టెంబరుల సెబీ లెక్క చెప్పింది: మూడేండ్లల్ల వాటిని ఆడిన మామూలు జనంల నూటికి 93 మంది నష్టపోయిండ్రు, అందరిది కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. దాని దిక్కు పోకు బిడ్డా. ఈ ఒక్కటి నేను బతిలాడి అడుగుతున్న.

నువ్వు కొనాలనుకుంటున్న కంపెనీ ఐదేండ్ల రిపోర్టులు దించుకో, పైస ఖర్చు లేదు, ఎక్స్చేంజి సైటుల ఉంటయి. ఆడిటరు అనుబంధం, ఉద్దెర బాకీలు, సరుకు నిల్వ, అప్పు, ప్రమోటరు వాటా, చేతికొచ్చిన నగదు. ఐదేండ్లవి ఒక్క కాగితం మీద వరుసగ రాయి. నీ చేతితోని రాయి, మిషన్ తీసిచ్చినయి వద్దు. రాసేటప్పుడు ఎక్కడ నీ కలం ఆగితె అక్కడ గీత కొట్టు. ఆదివారం పొద్దుగాల ఇద్దరం కూసోని ఆ గీతలు కొట్టిన కాడ చూద్దం.